డ్రోన్‌కి ఇన్సూరెన్స్ చేయించే ముందు, ఆ డ్రోన్ చేసే పని రాసుకోండి

నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని. డ్రోన్ పాలసీ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "అన్నా, ఏడాదికి ఎంతయితది?" అని. ఆ మాటకు జవాబు చెప్పాలంటే ముందు నేను అడగాల్సినవి బోలెడు ఉంటాయి. దాంతో ఏం పని చేస్తారు, ఎవరి పొలాల్లో ఎగరేస్తారు, రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది, ట్యాంకులో ఏ మందు పోస్తారు, ఊరి నుంచి ఊరికి దేంట్లో తీసుకెళ్తారు, రాత్రి ఎక్కడ పెడతారు. బైక్ అయితే నంబర్ కొట్టి డబ్బు కట్టగానే పాలసీ ఫోన్‌లోకి వచ్చేస్తుంది. డ్రోన్‌కి అలా కుదరదు. ప్రపోజల్ ఫారంలో మీరు ఏ పని రాశారో ఆ పనికే కవర్ ఉంటుంది, రాయని పని చేస్తుండగా పడిపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. నర్సంపేట దిక్కు మందు కొట్టే డ్రోన్, హన్మకొండలో పెళ్లి షూటింగులు చేసే డ్రోన్, భూపాలపల్లిలో సర్వేకి తిరిగే డ్రోన్, చూడటానికి మూడూ డ్రోన్లే కానీ మూడింటి పాలసీలు వేరువేరుగా ఉండాలి.

అందుకే ప్రీమియం సంగతి పక్కనపెట్టి ముందు ఒక కాయితం తీసుకుని, వచ్చే ఏడాదిలో మీ డ్రోన్ చేయబోయే పనులన్నీ రాయండి. వానాకాలం వరి, పత్తి, యాసంగి మొక్కజొన్న, మిరప, మధ్యలో ఎవరైనా అడిగితే చెరువులో తూడు మీద మందు, ఏదైతే అది. కింద చెప్పేదంతా ఆ కాయితం పక్కన పెట్టుకుని చదివితేనే ఉపయోగం.

రూల్ ఏముంది

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం డ్రోన్లను బరువును బట్టి విడదీశారు. 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, అది దాటితే లార్జ్. ఈ బరువు ఖాళీ డ్రోన్‌ది కాదు, బ్యాటరీ, ట్యాంకు, ట్యాంకులో మందు అన్నీ కలిపి గాల్లోకి లేచేటప్పటి బరువు. నానో తప్ప మిగతా అన్నింటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కంపల్సరీ. ఈ విషయంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని నిబంధనలే, అవసరమైన మార్పులతో, డ్రోన్లకూ వర్తిస్తాయని రూల్స్‌లో రాసి ఉంది. అంటే మీ డ్రోన్ వల్ల ఎవరికైనా ప్రాణనష్టం, ఆస్తినష్టం జరిగితే నష్టపరిహారం లెక్క లారీ గుద్దినప్పటి లెక్కలాగే మొదలవుతుంది. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా కూడా ఉంది, కానీ నన్నడిగితే భయపడాల్సింది జరిమానాకు కాదు, నష్టపరిహారానికి.

నానోకి కంపల్సరీ కాదు కదా అని పెళ్లి వీడియోల తమ్ముళ్లు ధీమాగా ఉంటారు. ఇన్సూరెన్స్ లేకుండా ఎగరేయొచ్చు అన్నారే గానీ, దెబ్బ తగిలితే మీరు కట్టక్కర్లేదు అనలేదు. ఫంక్షన్ హాల్లో బరాత్ మధ్యలో రెక్క తగిలి చిన్నపిల్ల కంటికి గాయమైతే, కవర్ లేనందుకు ఆ డబ్బు మొత్తం మీ జేబులోంచే పోతుంది. నానో ఉన్నవాళ్లు కూడా థర్డ్ పార్టీ తీసుకోవడం మంచిది.

పాలసీ కన్నా ముందు ఉండాల్సిన కాయితాలు

మూడు చూసుకోండి. డ్రోన్ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం) ఉందా, డీజీసీఏ (కేంద్ర విమానయాన నియంత్రణ సంస్థ) పోర్టల్‌లో మీ పేరు మీద రిజిస్టర్ అయి యూఐఎన్ నంబర్ (బండికి రిజిస్ట్రేషన్ నంబర్ లాంటిది) వచ్చిందా, ఎగరేసేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా. పైలట్ సర్టిఫికెట్‌కి పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో ట్రైనింగ్ పూర్తి చేయాలి. మన జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ ట్రైనింగ్ ఇస్తోంది. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. నానోకి అక్కర్లేదు, మైక్రో డ్రోన్‌ని వ్యాపారం కోసం కాకుండా వాడుకుంటే అక్కర్లేదు. డబ్బు తీసుకుని పెళ్లి షూట్ చేస్తే అది వ్యాపారమే, కాబట్టి అక్కడ కావాలి.

ఇక్కడ ఎక్కువగా తేడా కొట్టేది పేర్ల దగ్గర. బిల్లు బావ పేరు మీద, యూఐఎన్ కంపెనీ పేరు మీద, పైలట్ సర్టిఫికెట్ తమ్ముడిది, పాలసీ మాత్రం మీ పేరు మీద. పాలసీ అమ్మేటప్పుడు ఇవేవీ ఎవరూ పట్టించుకోరు. క్లెయిమ్ వచ్చినరోజే అన్నీ బయటికి తీస్తారు. అసలు ఈ డ్రోన్‌తో మీకేం సంబంధం అని కంపెనీ తరఫున నష్టం లెక్కకట్టే సర్వేయర్ అడిగితే చూపించడానికి ఒక కాయితమైనా ఉండాలి. బిల్లు, యూఐఎన్, పాలసీ ఒకే పేరు మీద ఉండేలా చూసుకోండి. పైలట్ వేరే మనిషైతే అతని సర్టిఫికెట్ నంబర్‌ని పాలసీలో ఎక్కించండి.

ఇంకోటి ట్యాంకు. పది లీటర్ల స్ప్రే డ్రోన్లు చాలావరకు 25 కిలోల లోపు ఉండేటట్టు తయారు చేస్తారు, స్మాల్ కేటగిరీలో ఉండాలని. లోకల్‌గా ఎవరో మెకానిక్ దగ్గర పెద్ద ట్యాంకు వేయించి, "ఒక్కసారికే రెండెకరాలు అయిపోతుంది" అని సంబరపడేవాళ్లు ఉన్నారు. ఆ మార్పుతో బరువు 25 దాటితే కేటగిరీ మారిపోతుంది, టైప్ సర్టిఫికెట్ ఇచ్చింది ఆ రూపంలో ఉన్న డ్రోన్‌కి కాదు, పైలట్ సర్టిఫికెట్ కూడా ఆ బరువుకి చెల్లకపోవచ్చు. కంపెనీకి క్లెయిమ్ కాదనడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

విదేశీ డ్రోన్ల సంగతి. 2022 ఫిబ్రవరి 9 నుంచి తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం ఆపేసింది, రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు తప్ప. ఆ తర్వాత బిల్లు లేకుండా చేతులు మారి వచ్చిన డీజేఐ (చైనా కంపెనీ) డ్రోన్‌కి యూఐఎన్ తెచ్చుకోవడమే సమస్య, యూఐఎన్ లేకపోతే పాలసీ సరిగ్గా రాదు. "యూఐఎన్ తర్వాత ఇద్దురులే" అని డబ్బు తీసుకునే ఏజెంట్‌ని నమ్మకండి.

థర్డ్ పార్టీ ఎంతకు తీసుకోవాలి

హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో, ఐసీఐసీఐ లాంబార్డ్, బజాజ్ లాంటి కంపెనీలు డ్రోన్ పాలసీలు అమ్ముతున్నాయి. కనీసం రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి. కొటేషన్‌లో ప్రీమియం కన్నా ముందు రెండు అంకెలు చూడాలి, ఒక్క ప్రమాదానికి గరిష్ఠంగా ఎంత ఇస్తారు, ఏడాది మొత్తానికి గరిష్ఠంగా ఎంత ఇస్తారు. రెండూ ఒకటే అని ఉంటే, మొదటి పెద్ద ప్రమాదంలోనే మొత్తం ఖర్చయిపోతే మిగతా ఏడాది కవర్ లేకుండా తిరుగుతున్నట్టే.

లిమిట్ ఎంత ఉండాలో తేల్చుకోవడానికి మీరు పని చేసే చోట జరగగలిగిన అన్నిటికన్నా చెడ్డదాన్ని ఊహించుకోండి. మందు నింపుకున్న ఇరవై కిలోల పైచిలుకు డ్రోన్ పది పదిహేను అడుగుల మీద నుంచి నాట్లు వేసే కూలీల మీద పడితే? మన దగ్గర పొలాల్లో కరెంటు తీగలు ఎలా ఉంటాయో తెలిసిందే. బాయి మోటర్ల కోసం ఒరం మీదుగా లాగిన సర్వీసు తీగలు, వాలిపోయిన స్తంభాలు, పైన 11 కేవీ లైన్. తీగకి తగిలితే డ్రోన్ పోవడం ఒక్కటే కాదు, తెగిన తీగ ఎవరి మీద పడుతుందో తెలియదు, ఎన్‌పీడీసీఎల్ వాళ్లు లైన్ బాగు చేసిన ఖర్చు అడగొచ్చు. కూలీలు ఉండే పొలాల్లో పని చేసేవాళ్లు చిన్న లిమిట్‌తో సరిపెట్టుకోవద్దు. లిమిట్ పెంచితే ప్రీమియం ఎంత పెరుగుతుందో ఒకసారి అడిగి చూడండి, చాలాసార్లు మీరు భయపడినంత తేడా ఉండదు.

థర్డ్ పార్టీ అంటే ఎవరు అన్నది కూడా చూసుకోవాలి. మీ దగ్గర పని చేసే అసిస్టెంట్, బ్యాటరీలు మార్చే పిల్లగాడు, మందు కలిపే మనిషి థర్డ్ పార్టీ కిందికి రారు, వాళ్లు మీ మనుషులు. వాళ్లకి రెక్క తగిలి వేళ్లు తెగితే ఈ పాలసీ పనికిరాదు. వాళ్లకోసం ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ఉంటుంది, పాతవాళ్లు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ అంటారు. అది తీసుకోలేకపోయినా కనీసం బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా చేయించండి, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. అది చాలని కాదు, అసలేమీ లేకపోవడం కన్నా నయం.

గడ్డి మందు దగ్గర ఉన్న బొక్క

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే మన వైపు స్ప్రే డ్రోన్లకు వచ్చే అసలు గొడవ ఇదే. డ్రోన్ కూలడం కన్నా, మందు పక్కవాడి చేనులోకి పోవడం వల్ల ఎక్కువ పంచాయితీలు అవుతాయి.

వానాకాలంలో వరి పక్కనే పత్తి ఉంటుంది. వరిలో వెడల్పాటి ఆకుల కలుపు కోసం 2,4-డి లాంటి గడ్డి మందు కొడతారు. పత్తికి ఆ మందంటే అస్సలు పడదు, గాలికి కొద్దిగా కొట్టుకొచ్చినా చాలు, ఆకులు సన్నగా చీలినట్టయి ముడుచుకుపోతాయి, పూత, కాత దెబ్బతింటాయి. డ్రోన్‌లో వాడే నీళ్లు తక్కువ, చుక్క సన్నం, మందు చిక్కన. రెక్కల గాలి దాన్ని కిందికి నెడుతుంది నిజమే, కానీ ఎత్తు పెంచినా, పక్క గాలి వీచినా ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. వారం తర్వాత పక్క రైతు వచ్చి "నీ డ్రోన్ వల్లే నా రెండెకరాలు పోయింది" అంటాడు.

ఇప్పుడు పాలసీ తీసి చూడండి. చాలా పాలసీల్లో కాలుష్యం, రసాయనాల వల్ల జరిగే నష్టం మినహాయింపుల్లో ఉంటుంది. అంటే డ్రోన్ పడి పక్క చేనులో పది మొక్కలు విరిగితే ఇస్తారు, డ్రోన్ చల్లిన మందుతో రెండెకరాలు పోతే ఇవ్వరు. స్ప్రే డ్రోన్‌కి స్ప్రే వల్ల జరిగే నష్టానికే కవర్ లేకపోవడం విచిత్రంగా అనిపిస్తుంది గానీ, ప్రీమియం తక్కువ ఉన్న పాలసీల్లో జరిగేది ఇదే. మిమ్మల్ని పిలిపించుకున్న రైతు సొంత పంటకి కూడా, డోసు ఎక్కువై మాడిపోతే, అది మీరు ఒప్పుకున్న పనిలో లోపం అని పక్కన పెట్టేస్తారు. చేపల చెరువులో మందు పడితే అదీ కాలుష్యం కిందే పోతుంది.

మరేం చేయాలి? మెయిల్‌లో ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "నేను పంటలకు పురుగు మందులు, గడ్డి మందులు చల్లే పని చేస్తాను. గాలికి మందు పక్క పొలంలోకి పోయి అక్కడి పంట దెబ్బతింటే ఈ పాలసీలో నాకు కవర్ ఉందా, ఉంటే ఎంత వరకు?" ఫోన్‌లో "ఉంటది సార్, అన్నీ ఉంటయి" అంటే సరిపోదు, రాతలో రావాలి. దానికి యాడ్ ఆన్ (అదనపు కవర్) ఇస్తే ప్రీమియం ఎక్కువైనా తీసుకోండి. ఇవ్వకపోతే గడ్డి మందు పని ఒప్పుకోవాలా వద్దా అన్నది మీరు తేల్చుకోవాలి. పత్తి, మిరప పక్కన ఉన్న పొలంలో 2,4-డి పని వదులుకోవడమే నా సలహా. ఎకరానికి వచ్చే నాలుగైదు వందల కోసం అంత టెన్షన్ అక్కర్లేదు.

కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబర్‌లో డ్రోన్లతో మందు చల్లడానికి పాటించాల్సిన పద్ధతులు విడుదల చేసింది. ఏ మందైనా లేబుల్ మీద ఉన్న పంటకే, చెప్పిన మోతాదులోనే వాడాలి. కవర్ ఉన్నా సరే, ఈ పద్ధతులు పాటించలేదని తేలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. కాబట్టి ప్రతి పొలం దగ్గర రైతుతో ఒక చీటీ మీద సంతకం పెట్టించుకోవడం అలవాటు చేసుకోండి. ఇలా ఉంటే చాలు:

"తేదీ, టైము. ఊరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు. పంట. మందు పేరు, ఎంత కలిపింది, మందు ఎవరు తెచ్చింది. నలుదిక్కులా ఉన్న పంటలు. కొట్టేటప్పుడు గాలి ఎటు నుంచి ఎటు. పైలట్ పేరు. రైతు సంతకం."

దాంతోపాటు మొదలుపెట్టే ముందు నాలుగు వైపులా పొలాల వీడియో, మందు డబ్బా లేబుల్ ఫొటో. రైతు తెచ్చిన మందు వల్ల పంట మాడితే అది మీరు తెచ్చింది కాదని చూపించేది ఆ చీటీ ఒక్కటే. వీడియోలో పక్క చేను ముందే ఎర్రబడి ఉన్నట్టు కనిపిస్తే సగం పంచాయితీ అక్కడే తేలిపోతుంది.

డ్రోన్ సొంత నష్టం

దీన్ని హల్ కవర్ అంటారు. రూల్ ప్రకారం కంపల్సరీ కాదు, కానీ లక్షలు పెట్టి కొన్నది కాబట్టి అందరూ ముందు దీన్నే అడుగుతారు. థర్డ్ పార్టీ వదిలేసి హల్ ఒక్కటే చేయించుకున్నవాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. డ్రోన్ పోతే దాని ఖరీదు వరకే మీ నష్టం, మనిషికి ఏమైనా అయితే దానికి హద్దు లేదు.

హల్‌లో మొదటి లెక్క సమ్ ఇన్సూర్డ్, అంటే డ్రోన్‌ని ఎంత విలువకు చేయించారన్నది. ప్రీమియం తగ్గుతుందని ధర తగ్గించి చూపించే తెలివి పనికిరాదు. 6 లక్షల డ్రోన్‌ని 4 లక్షలకు చేయించారనుకోండి. రిపేరు 90 వేలు అయితే మీకు పూర్తి 90 రాదు. మీరు చేయించింది మూడింట రెండొంతులే కాబట్టి 60 వేలుగా లెక్క కట్టి, అందులోంచి డిడక్టబుల్ తీసేసి ఇస్తారు. డిడక్టబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా. అది శాతంలో ఉందా, కనీసం ఇంత అని ఉందా చూడండి. కనీసం 25 వేలు అని ఉంటే రెక్కలు, మోటర్ ఆర్మ్ లాంటి మామూలు రిపేర్లు ఎప్పటికీ క్లెయిమ్‌కి రావు, అవే ఎక్కువ అవుతాయి.

2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రోన్లన్నింటి మీదా జీఎస్టీ 5 శాతం అయింది. కెమెరా డ్రోన్ అంతకు ముందు కొన్నవాళ్లకు బిల్లు ధర, ఇప్పటి ధర వేరుగా ఉంటాయి, రెన్యువల్‌లో ఇప్పటి ధర అడిగి వేయించండి. మీకు జీఎస్టీ నంబర్ ఉండి డ్రోన్ మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే క్లెయిమ్‌లో ఆ పన్ను భాగం రాదు. పాలసీ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ విడిగా పడుతుంది, కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపి పోల్చండి.

బ్యాటరీల గురించి విడిగా అడగాల్సిందే. స్ప్రే పనికి నాలుగైదు సెట్లు ఉంటాయి, వాటి విలువే లక్ష దాటొచ్చు. డ్రోన్‌లో ఉన్న సెట్టుకి మాత్రమే కవర్ ఉందా, బండిలో ఉన్నవాటికీ ఉందా? వాడకంతో బ్యాటరీ ఉబ్బిపోతే అది అరుగుదల, ఏ పాలసీలోనూ రాదు. చార్జింగ్‌లో మంట అంటుకుంటే వస్తుందా రాదా అన్నది పాలసీని బట్టి మారుతుంది. ఆటో ట్రాలీలో గుంతల రోడ్డు మీద పరకాల నుంచి ములుగు పోతుండగా పెట్టె జారి పడితే అది గాల్లో జరిగిన ప్రమాదం కాదు, ట్రాన్సిట్ కవర్ లేకపోతే పైసా రాదు. సర్వే డ్రోన్లకు కెమెరా, సెన్సర్లు డ్రోన్ కన్నా ఖరీదు ఉంటాయి, వాటిని పేలోడ్ (డ్రోన్ మోసే సామాను) కింద సీరియల్ నంబర్లతో రాయించండి.

ఫారం నింపేటప్పుడు

మీ చేత్తో మీరే నింపండి. ఏజెంట్‌కి సంతకం చేసిన ఖాళీ ఫారం ఇవ్వకండి, నేనైనా సరే. "వాడకం" అన్న గడిలో "వ్యవసాయం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. సొంత పొలంలో కొట్టుకోవడం వేరు, కిరాయికి ఊళ్లు తిరిగి కొట్టడం వేరు. కిరాయి అయితే కిరాయి అనే రాయండి, వరంగల్, హన్మకొండ, మహబూబాబాద్, జనగామ, ఎక్కడెక్కడ తిరుగుతారో రాయండి. రాత్రిపూట ఎగరేస్తారా, కంటికి కనిపించే దూరం దాటి పంపిస్తారా అన్న ప్రశ్నలకు నిజం చెప్పండి. ఎండకి పొద్దున్నే చీకట్లో మొదలుపెట్టే అలవాటు ఉంటే అదీ చెప్పాలి. పాత క్లెయిమ్‌లు దాచిపెట్టొద్దు.

పైలట్ విషయంలో "సర్టిఫికెట్ ఉన్న ఏ పైలట్ అయినా" అని రాసే కంపెనీ దొరికితే అదే మేలు. సీజన్‌లో ఒకడు జ్వరంతో పడుకుంటే ఇంకొకడిని పెట్టుకోక తప్పదు. పేర్లతోనే ఇస్తామంటే, మనిషి మారినప్పుడల్లా ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు రాయించడం) చేయించండి, అది ఒక మెయిల్ పని.

ఎగరేసే చోటు కూడా పాలసీకి సంబంధించినదే. ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో రంగుల జోన్లుగా చూపిస్తారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేస్తే పాలసీ ఉన్నా లేనట్టే. రామగుండం దిక్కు పని ఒప్పుకుంటే ఆ మ్యాప్ ముందు చూసుకోండి. రామప్ప, ఖిలా వరంగల్ లాంటి చోట్ల ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసేవాళ్లకు పురావస్తు శాఖ అనుమతి కావాలి, మేడారం జాతర రోజుల్లో పోలీసుల ఆంక్షలు చూసుకోవాలి. మామునూరు ఎయిర్‌పోర్ట్‌కి 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఓకే చెప్పింది. అది నడవడం మొదలైతే, ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఎగరేయడానికి అనుమతి, 8 నుంచి 12 మధ్యలో 200 అడుగుల హద్దు వస్తాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పని చేసేవాళ్లు మ్యాప్‌ని ఒకసారి చూసి వదిలేయకుండా పని ఉన్న రోజల్లా చూడాలి.

లోన్ డ్రోన్లు, డ్రోన్ దీదీలు

లోన్ మీద కొన్నవాళ్లు "బ్యాంకు వాళ్లే చేయించిన్రు" అంటారు. బ్యాంకుకి కావాల్సింది తన అప్పు తీరడం. అందుకే హల్ ఉంటుంది, క్లెయిమ్ డబ్బు ముందు బ్యాంకుకే పోతుందని రాసి ఉంటుంది, థర్డ్ పార్టీ ఉందో లేదో మీరే చూసుకోవాలి. పాలసీ కాపీ అడిగి తెచ్చుకోండి.

కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం కింద డ్రోన్ కొనడానికి మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల వరకు సాయం ఉంది, ఆ ప్యాకేజీలో మొదటి ఏడాది ఇన్సూరెన్స్ కలిసే ఉంటుంది. రెండో ఏడాది నుంచి సంఘమే కట్టుకోవాలి. అక్కడే చాలా సంఘాలకు తెలియకుండా తేదీ దాటిపోతుంది. సంఘం లెక్కల పుస్తకంలో పాలసీ ముగిసే తేదీ రాసి పెట్టుకోండి అక్కా, పాలసీ సంఘం పేరు మీదే ఉందో లేదో కూడా చూడండి.

పడిపోయాక

ముందు మనుషులు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎంజీఎమ్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకెళ్లండి, మిగతావన్నీ తర్వాత. డ్రోన్ కరెంటు తీగల మీద ఉంటే కర్రతో లాగే ప్రయత్నం చేయకండి, కరెంటాఫీసుకు ఫోన్ చేసి లైన్ ఆపించండి.

తర్వాత, పడిన డ్రోన్‌ని ఎత్తకముందే ఫొటోలు, వీడియో. దూరం నుంచి, దగ్గర నుంచి, నాలుగు వైపులా. లొకేషన్ ఆన్ చేసి తీయండి. బ్యాటరీ ఉబ్బినా, పొగ వస్తున్నా దగ్గరికి పోవద్దు. రిమోట్‌లో, యాప్‌లో ఉన్న ఫ్లైట్ లాగ్‌ని ఆ రోజే కాపీ చేసుకోండి, యాప్ అప్‌డేట్ చేసినా తుడిచినా పోతుంది. కంపెనీకి అదే రోజు ఫోన్‌తో పాటు మెయిల్. ప్రమాదాన్ని పైలట్ 48 గంటల్లోపు డీజీసీఏ పోర్టల్‌లో చెప్పాలి. గాయాలు, దొంగతనం అయితే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు. సర్వేయర్ చూడకుండా రిపేరుకు పంపొద్దు, పాత ముక్కలు పారేయొద్దు. సీజన్ పోతుందని అర్జంటుగా ఉంటే "రిపేరు మొదలుపెట్టుకోవచ్చు" అని కంపెనీ నుంచి మెయిల్ తెచ్చుకుని మొదలుపెట్టండి.

ఇప్పుడు మన ఊళ్లలో జరిగే అసలు విషయం. పక్క రైతు పంట పోయిందన్నా, గోడ పగిలిందన్నా సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు. "ఎందుకు తమ్మీ లొల్లి, యాభై వేలు కట్టేయ్" అంటారు. మీరు తప్పు ఒప్పుకుని, కాయితం మీద సంతకం పెట్టి, డబ్బు ఇచ్చేసి, తర్వాత కంపెనీని అడిగితే రాదు. థర్డ్ పార్టీ పాలసీల్లో కంపెనీని అడగకుండా బాధ్యత ఒప్పుకోవద్దు, సెటిల్ చేసుకోవద్దు అన్న షరతు దాదాపుగా ఉంటుంది. పంచాయితీకి పోకుండా ఊళ్లో బతకలేం, అదీ నిజమే. పోండి, మర్యాదగా మాట్లాడండి, కానీ చెప్పాల్సింది ఇది: "పెద్దనాయనా, నష్టం ఎంతో కంపెనీ సర్వేయర్ వచ్చి చూస్తడు, ఆయన చూసేదాకా ఆగండి." వ్యవసాయ అధికారిని పిలిపించి పంట చూపించి రాయించమనండి, అవతలి రైతుకూ అదే మంచిది, నోటి లెక్క కన్నా రాత లెక్కకే విలువ. ఆసుపత్రి ఖర్చుకి సాయంగా కొంత ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి, మానవత్వం కోసం ఇస్తున్నానని రాయించుకోండి, కంపెనీకి ముందే చెప్పండి.

కాదంటే

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా, ఏ షరతు కింద కాదన్నారో నంబరుతో సహా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. పనికాకపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 నంబరుకి ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. కంపెనీకి రాసిన నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు వింటారు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారానికీ, సూక్ష్మ సంస్థలకీ ఈ దారి ఉంది. పెద్ద సంస్థలకు వినియోగదారుల కమిషన్, కోర్టులు.

రెన్యువల్ చివరి రోజు దాకా ఆగకండి. ప్రీమియం కంపెనీకి అందాకే కవర్ మొదలవుతుంది, ఏజెంట్‌కి ఫోన్‌పే కొట్టిన స్క్రీన్‌షాట్ పాలసీ కాదు. గడువు దాటితే కొందరు డ్రోన్‌ని మళ్లీ తెచ్చి చూపించమంటారు, అది జూలైలో పని మీద పని ఉన్నప్పుడు పడితే నాలుగు రోజులు బండి పక్కన పెట్టుకోవాల్సి వస్తుంది. పాలసీని మే నెలలో మొదలయ్యేటట్టు పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.